నాలుగో రోజు షూటింగు

జహీరాబాద్,
అక్టోబర్ 6.

యాకూబ్‌కు,

నాలుగు రోజులుగా ముసురు. కోసిన సోయా చేలోనే తడుస్తోంది. ఈరోజు కాస్త తెరిపి ఇస్తే అక్క, బావ, నేను కలిసి కుప్పలు తిరగేసి తాటిపత్రీలు కప్పాం. అడుగున ఉన్నది అప్పటికే మొలకెత్తింది.

నేను బాగానే ఉన్నాను. బెయిలు షరతు నీకు తెలిసిందే. కేసు తేలేదాకా మన జిన్నారం మండలంలో అడుగుపెట్టకూడదు, సాక్షులతో మాట్లాడకూడదు. మందుల కంపెనీ ట్యాంకరు మన వాగులో మందునీళ్లు వదులుతుంటే నేను అడ్డం నిలబడ్డ పొద్దున, ట్రాలీలో కుర్చీలు వేసుకుని ఆ దారిన వచ్చింది నువ్వే. కాబట్టి సాక్షుల్లో మొదటి పేరు నీది. ఫోన్ చేస్తే కాల్ లిస్టులో దొరికిపోతామని లాయరు శివరామకృష్ణ అన్నాడు. ఉత్తరం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. జవాబు మా బావ పేరు మీద రాయి.

ఇక అసలు పని. కంపెనీ రెండో ప్లాంటుకు ప్రజాభిప్రాయ సేకరణ నవంబర్ 15, శనివారం పొద్దున పది గంటలకు, మన స్కూలు గ్రౌండులో అని పేపర్లో వేశారు. లోపలి పేజీలో, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన. ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఆ ప్లాంటు వస్తే వాగు పక్క బోర్లు తాగడానికే కాదు, బర్రెలు కడగడానికి కూడా పనికిరావు. నేను పద్దెనిమిది రోజులు జైల్లో ఉన్నది ఈ ఒక్క మీటింగు దాకా ఊరు నిలబడాలని. ఇప్పుడు ఆ రోజు నేనే అక్కడ ఉండను.

నువ్వు ముందు రోజు డప్పు వేయించు. ఇది మీటింగు అని, వద్దని చెప్పాలని చెప్పించు. పది మంది లేచి వద్దంటే అధికారి రాసుకోక తప్పదు.

మా ఇంట్లో దేవమ్మకు ఈ తారీకు నేను అక్క ఫోన్లో చెప్పాను. షకీలా భాభీకి సలాం చెప్పు.

మల్లేష్


గుండ్లకుంట,
అక్టోబర్ 14.

మల్లేష్‌కు,

ఇక్కడా వానే. మొన్న గడ్డపోతారంలో పెళ్లికి వేసిన షామియానా తడిసి నలుగురు మోస్తే గానీ లేవలేదు. ఈరోజంతా స్కూలు గోడ మీద ఆరేశాను. ఇంకా పచ్చిగానే ఉంది.

డప్పు సంగతి నేను చూసుకుంటాను.

ఊళ్లోకి సినిమావాళ్లు వచ్చారు. రాజకీయాల సినిమా అట. మూడు వందల కుర్చీలు, స్టేజీ, మైకు కావాలని నా దగ్గరికి వచ్చారు. నేను కుర్చీలు లెక్కపెడుతుంటే డైరెక్టరు పక్కన నిలబడి కథ చెప్పాడు. ఒక నాయకుడు ఒక ఊరికి ఫ్యాక్టరీ తెస్తాడు. ఊరు వద్దంటుంది. వద్దన్న నోళ్లతోనే మూడు రోజుల్లో కావాలనిపిస్తాడు.

"అయితే ఆయన చెడ్డోడా సార్?" అని అడిగాను.

"చెడ్డవాడని చెప్పలేం. మంచివాడని కూడా చెప్పలేం. అది చూసేవాళ్లు తేల్చుకోవాలి."

"మరి మీరేం తేల్చుకున్నరు?"

"నేను రెండు ముగింపులు తీస్తున్నాను" అన్నాడు. ఒకదాంట్లో నాయకుడు గెలుస్తాడు. రెండోదాంట్లో గెలిచి బాధపడతాడు.

వెనక పొగగొట్టం కనిపించే ఊరు కోసం చాలా తిరిగారట. మిగతా చోట్ల ఏ కంపెనీ ఒప్పుకోలేదు. మన కంపెనీ మేనేజరు సునీల్‌కుమార్ మాత్రం వెంటనే ఒప్పుకుని, జనరేటరు కూడా ఇస్తానన్నాడట. కథ విన్నాకే ఒప్పుకున్నాడని డైరెక్టరు చెప్పాడు. కళలంటే ఇష్టమున్న మనిషి అనుకుంటున్నాడు.

నవంబర్ 11, 12, 13 తేదీల్లో షూటింగు. జనంగా మన ఊరివాళ్లే కావాలట. పెంటయ్యకు మాటలున్న వేషం ఇచ్చారు. "మీ ముఖంలో నిజం ఉంది" అన్నాడు డైరెక్టరు.

"ముఖం సంగతి నాకెరుక లేదు సారూ, బువ్వ పెడతరా?" అన్నాడు పెంటయ్య.

షకీలా నన్ను "నువ్వేం వేషమేస్తున్నవ్?" అని అడిగింది. కుర్చీలవాడి వేషమని చెప్పాను. "గదైతే ముప్పై ఏండ్ల సంది ఏస్తనే ఉన్నవ్" అంది.

నీ మీటింగు కూడా అదే వారంలో పడింది. ఎట్లా మరి? జనం అలిసిపోతారేమో.

యాకూబ్


జహీరాబాద్,
అక్టోబర్ 21.

యాకూబ్‌కు,

వాన ఆగింది. మిగిలిన సోయా నూర్చాం. మొలకెత్తింది బర్రెలకు పెట్టాం. రేపటి నుంచి శనగ విత్తడం.

సినిమా సంగతి చదివాను. నువ్వు భయపడాల్సింది లేదు, ఇది మనకు మంచిదే. మనవాళ్లకు అధికారి ముందు నోరు పెగలదు. రేషన్ కార్డులో పేరు తప్పుపడినా తల గోక్కుంటూ తిరిగి వస్తారు తప్ప తప్పని చెప్పరు. ఉత్తుత్తి కలెక్టరు ముందు మూడు రోజులు లేచి మాట్లాడితే, నాలుగో రోజు అసలు అధికారి ముందు కాళ్లు వణకవు. అలవాటైపోతుంది.

అందుకని నా పేరు చెప్పి అందర్నీ షూటింగుకు పొమ్మను. ఒక్కరూ ఇంట్లో ఉండొద్దు. దేవమ్మకు కూడా చెప్పాను. "నేను సినిమాల ఆడుడేంది, నలుగురు నవ్వరా?" అంది. నవ్వితే నవ్వనీ, పో అన్నాను.

శుక్రవారం డప్పు మాత్రం మరిచిపోకు.

మల్లేష్


గుండ్లకుంట,
నవంబర్ 13.

మల్లేష్‌కు,

చలి మొదలైంది. పొద్దున ఏడింటిదాకా కంపెనీ పొగ కిందికే దిగి ఉంటోంది. ఈ మూడు రోజులూ ఆరింటికే గ్రౌండులో కుర్చీలు తుడవడం నా పని. సాయంత్రంతో షూటింగు అయిపోయింది.

మొదటి రోజు ఊరు వద్దనే సీను. కలెక్టరు వేషం వేసిన ఆయన హైదరాబాద్ నుంచి వచ్చాడు. జలుబు చేసి ఉన్నాడు. పెంటయ్య లేచి, ఒక గ్లాసు ముందు పెట్టి, "గీ నీళ్లు నువ్వు తాగుతవా సారూ?" అనాలి. తొమ్మిది సార్లు తీశారు. ఎనిమిది సార్లు కలెక్టరు తల దించుకున్నాడు. తొమ్మిదోసారి విసుగొచ్చి గ్లాసెడూ తాగేశాడు. డైరెక్టరు ఎగిరి గంతేసి అదే ఉంచమన్నాడు. అవి సీసా నీళ్లని తెలిసి పెంటయ్య చిన్నబోయాడు.

రెండో రోజు నాయకుడు మాట్లాడే సీను. జనం కదలకుండా వినాలి. అది మనవాళ్లకు చేతకాలేదు. మంచి మాట మీద ఉండగా ముత్యమ్మ లేచి, "మా గల్లీల రోడ్డెప్పుడేస్తవు బిడ్డా?" అంది. ఆయన కూడా అలవాటుగా "వచ్చే నెల అమ్మా" అనేశాడు. మళ్లీ మొదటి నుంచి తీశారు. నిజం నాయకుడిలాగే ఉన్నాడని ముత్యమ్మ ఊరంతా చెప్పింది.

ఈరోజు ఊరు ఒప్పుకునే సీను. స్టేజీ మీద నాయకుడు కళ్లద్దాలు తీస్తాడు. అది గుర్తు. ముందు వరస కుడిచేతులు ఎత్తాలి, తర్వాత వెనకవాళ్లు. పద్నాలుగు సార్లు ఎత్తించారు. సాయంత్రానికి కళ్లద్దాలు ఎవరు తీసినా చేతులు లేస్తున్నాయి. కెమెరామన్ అద్దాలు తుడుచుకోవడానికి తీస్తే ఇరవై మంది ఎత్తారు. దేవమ్మ ముందు వరసలో కూర్చుంది. బాగా చేసిందని డైరెక్టరు అన్నాడు.

సునీల్‌కుమార్ మూడు రోజులూ నీడలో కుర్చీ వేసుకుని చూశాడు. నాకు చాయ్ తెప్పించి, "మల్లేష్ గారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. నీతో మాట్లాడడం లేదని చెప్పాను. "మంచిది" అన్నాడు.

షామియానా విప్పొద్దన్నారు. శనివారం మీటింగు అక్కడే కదా. డప్పు రేపు వేయిస్తాను.

యాకూబ్


జహీరాబాద్,
నవంబర్ 17.

యాకూబ్‌కు,

పేపరు ముక్క ఇందులో పెట్టాను. రెండో ప్లాంటుకు గుండ్లకుంట ఏకగ్రీవంగా మద్దతు తెలిపిందని రాశారు. ఫొటోలో ముందు వరసలో ఎడమ నుంచి మూడో మనిషి దేవమ్మ. కుడిచెయ్యి ఎత్తి ఉంది.

శనివారం సాయంత్రం ఫోన్లో అడిగితే "మంచిగనే అయింది" అంది. తర్వాత మా పాప తనుశ్రీ బడి సంగతి చెప్పి పెట్టేసింది.

డప్పు వేయించావా?

మల్లేష్


గుండ్లకుంట,
నవంబర్ 22.

మల్లేష్‌కు,

వేయించాను. డప్పు లింగం "ఏమని చెప్పాలె?" అని అడిగాడు. రేపు పది గంటలకు అందరూ గ్రౌండుకు రావాలని చెప్పమన్నాను. "మళ్ల షూటింగా అన్నా, ఇంకేమన్ననా?" అన్నాడు. పది గంటలకు అన్నాను. అతను అంతే చెప్పాడు.

శనివారం ఏం జరిగిందో రాస్తున్నాను. షామియానా అదే, స్టేజీ అదే, కుర్చీలు అవే. సినిమావాళ్లు గురువారమే వెళ్లిపోయారు గానీ రెండు పెద్ద లైట్లు శనివారం దాకా సునీల్‌కుమార్ తన కోసం ఉంచుకున్నాడు. అసలు మీటింగుకు కూడా వీడియో తీయాలని రూలుందట, కాబట్టి కెమెరా కూడా ఉంది. జనం వచ్చి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. అధికారి దిగినప్పుడు, "కలెక్టరును మార్చిన్రు, గాయనకు జలుబు తగ్గనట్టుంది" అని ఎవరో అన్నారు.

పెంటయ్య లేచి నీళ్ల మాట అడిగాడు. అధికారి నమోదు చేసుకుంటామన్నాడు. కంపెనీ వాళ్లు అరగంట ఏవో కాగితాలు చదివారు. చివర్లో సునీల్‌కుమార్ స్టేజీ ఎక్కి, ఊరికి తమ మీద నమ్మకం ఉందని చెప్పి, కళ్లద్దాలు తీశాడు.

ఒక్కసారికే అయిపోయింది. చేతులెత్తే లెక్క చట్టంలో లేదట గానీ, వీడియోలో కనిపిస్తే చాలట. అధికారి వెళ్లిపోయాక కూడా జనం కూర్చునే ఉన్నారు. "ఇంకోసారి తియ్యరా?" అని ముత్యమ్మ అడిగింది. బిర్యానీ వచ్చింది. తిని వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను చేసింది రాస్తాను. నవంబర్ మొదటి వారంలో సునీల్‌కుమార్ నా కొట్టు దగ్గరికి వచ్చాడు. "గురువారంతో సినిమావాళ్ల పని అయిపోతుంది యాకూబ్ గారూ. శనివారం టెంటు మాది. ఏ రోజు ఎవరిదో ఎవరికీ చెప్పనవసరం లేదు" అన్నాడు. చెప్పాల్సి ఉంటుందని నేనన్నాను. అప్పుడు నీ మాట ఎత్తాడు. చెప్పకుండా ఉంటే డిసెంబర్ 13న సంగారెడ్డి లోక్ అదాలత్‌లో నీ మీద కేసు పెట్టిన వాళ్ల డ్రైవరు రాజీకి వస్తాడు. కేసు కొట్టేస్తారు, నువ్వు ఇంటికి వస్తావు. చెప్తే కేసు ఎన్నేళ్లయినా నడుస్తుంది. "మొదటి సాక్షి మీరే కదా, మీకూ తిరుగుడు తప్పుతుంది" అన్నాడు.

ఒక రోజు ఆలోచించాను. ఆ రోజు పటాన్‌చెరుకు కుర్చీలు కొనడానికి వెళ్లి, కొనకుండా వచ్చాను. మర్నాడు సరే అన్నాను.

నీ కోసమే చేశానని రాస్తే నువ్వు నమ్మాలో వద్దో తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే రాయడం లేదు.

యాకూబ్


జహీరాబాద్,
నవంబర్ 28.

యాకూబ్‌కు,

శనగ మొలిచింది. పక్క చేనులో చెరుకు కొడుతున్నారు. నేను కూలికి వెళ్తున్నాను. ఊరికే కూర్చుంటే అక్క ముఖం చూడలేకపోతున్నాను.

నీ ఉత్తరం అందాక మూడు రోజులు జవాబు రాయలేదు. మొదట రాసింది చింపేశాను. అందర్నీ షూటింగుకు పొమ్మని నా పేరు మీద చెప్పించింది నేనే కాబట్టి, చింపేసిన దాంట్లో రాసినవి నాకూ తగులుతాయి.

ఉత్తరం లాయరు శివరామకృష్ణకు చూపించాను. రెండుసార్లు చదివాడు. "ఇంత సాఫ్‌గా తప్పు రాసిచ్చినోడు ఇరవై ఏండ్లల్ల నాకు దొరకలే. నీ దోస్తుకు బుద్ధున్నదా?" అన్నాడు.

"ఉన్నది సార్, ఎప్పుడో ఒకసారి వాడుతడు" అన్నాను.

ఆయన చెప్పింది ఇది. మీటింగు రద్దు చేయమని నెల లోపల, అంటే డిసెంబర్ 15 సోమవారం లోపల పిటిషన్ వేయాలి. నీ ఉత్తరం గట్టి సాక్ష్యం. దానికి తోడు కనీసం పది మంది, అది సినిమా షూటింగనుకునే చేతులెత్తామని ప్రమాణం చేసి రాసివ్వాలి. అప్పుడు మళ్లీ మీటింగు పెట్టమంటారు. ఊరు వద్దనడానికి ఇంకోసారి వీలు దొరుకుతుంది.

లోక్ అదాలత్ 13న, శనివారం. పిటిషన్‌కు ఆఖరి రోజు 15. లాయరు ఆ రెండు తేదీలూ కాగితం మీద పక్కపక్కన రాసి నావైపు తిప్పాడు. ముందు రాజీ, తర్వాత పిటిషన్. సునీల్‌కుమార్ చేత మాట నిలబెట్టించుకుని మనం తప్పడం. ఇది మంచి పద్ధతి కాదు. వేరే పద్ధతి కనిపించడం లేదు.

నీ ఉత్తరం బయటపడితే కంపెనీ పని నీకు ఉండదు. ఊళ్లో కూడా కష్టమవుతుంది. నువ్వు ఒప్పుకోకుండా ఇవ్వను. ఒప్పుకుంటే ఆ పది మందిని కూడా నువ్వే అడుగు. జల్దీ రాయి.

మల్లేష్


గుండ్లకుంట,
డిసెంబర్ 5.

మల్లేష్‌కు,

చలి బాగా ఉంది. పెళ్లిళ్లు లేవు. పని లేదు కాబట్టి నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాను.

ఉత్తరం ఇచ్చెయ్యి. నీకు రాసింది, నీదే.

పది మంది సంగతి కొంచెం వేరుగా ఉంది. ముందు పెంటయ్య దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు షూటింగనే అనుకున్నవా పెద్దయ్యా?" అని అడిగాను.

"ముందుగాల అనుకున్న. గ్లాసు పెట్టి తాగుతవా అంటే ఆ సారు తాగలే, తల గూడ దించలే. చిన్నగ పక్కకు జరిపిండు. అప్పుడు సమజైంది, గీయన అసలోడే అని."

"మరి చెయ్యెందుకెత్తినవ్?"

"అందరెత్తిన్రు. మా పెద్దోడు కంపెనీల చేస్తడు. నేనొక్కణ్నే ముడుచుకొని కూసుంటే కనవడదా?" తర్వాత, "మల్లేష్‌కు గదే రాసియ్యమంటవా?" అన్నాడు.

అది కాదు, సినిమా అనుకున్నట్టు రాసివ్వాలని చెప్పాను. "గదైతే ఇస్త. గది మంచిగున్నది" అన్నాడు.

అన్ని ఇళ్లలో దాదాపు ఇదే. కొందరికి అధికారి కారు చూడగానే తెలిసింది. కొందరికి సంతకాల పుస్తకం చూసి తెలిసింది. తెలిసినా, ఎవరైనా అడిగితే సినిమా అనుకున్నామని చెప్పొచ్చని ధైర్యంగా ఎత్తారు. నేను వాళ్లను మోసం చేశాననుకుంటూ ఇన్నాళ్లు తలవంచుకుని తిరిగాను. నిజంగా సినిమా అనుకున్నవాళ్లు ముగ్గురు దొరికారు. ముత్యమ్మ, ఆమె చెల్లెలు, చెవుడున్న యాదన్న. సినిమా అనుకున్నామని రాసిచ్చేవాళ్లు పదిహేడు మంది దొరికారు.

ఆ పదిహేడులో చెల్లె దేవమ్మ కూడా ఉంది. నీకు రాయాలా వద్దా అని అడిగాను, రాయమంది. ఆమె మాట ఆమె అన్నట్టే రాస్తున్నాను. "నాకు పొద్దుగాలనే ఎరుక అన్నా. తారీకు మా ఆయనే చెప్పె గద. సునీల్‌కుమార్ ఇంటికొచ్చి, ముందు వరసల కూసోమ్మా, మీ ఆయన పండుగలోపట ఇంట్లుంటడు అన్నడు. కూసున్న. ఇప్పుడు ఆయన సినిమా అని రాసియ్యమంటే రాసిస్త. రాసిచ్చేది అబద్ధమని ఆయనకెరుకుండాలె, గంతే."

మరి నీ ఇష్టం.

యాకూబ్


జహీరాబాద్,
డిసెంబర్ 14.

యాకూబ్‌కు,

పొద్దున మంచు. ఇక్కడ ఇదే నా ఆఖరి ఉత్తరం. రేపు పిటిషన్ వేసి సాయంత్రం ఊరికి వస్తాను.

నిన్న సంగారెడ్డిలో రాజీ అయింది. పది నిమిషాలు పట్టింది. డ్రైవరు నా ముఖం చూసి, "భై, నాకేం తెల్వదు, పొమ్మంటే వచ్చిన" అన్నాడు. సునీల్‌కుమార్ నాకు చెయ్యి ఇచ్చాడు. "ఇకమీదట మనం ఇరుగుపొరుగు మల్లేష్ గారూ, ఏ సమస్య ఉన్నా నేరుగా నాకే చెప్పండి" అన్నాడు. అలాగేనని చెయ్యి పట్టుకున్నాను. ఆ సమయానికి నువ్వు పంపిన పదిహేడు కాగితాలు లాయరు సంచిలో ఉన్నాయి. ఆ సంచి మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉంది.

నిజమైన మూడు మాత్రమే ఇస్తే ఎట్లా ఉంటుందని లాయరును అడిగాను. "మూడిస్తే మూడు కాగితాలైతయి. పదిహేడిస్తే ఊరైతది" అన్నాడు. పదిహేడూ ఇస్తున్నాను. దేవమ్మది పైన ఉంది.

నీ డైరెక్టరు చెప్పిన రెండు ముగింపులు గుర్తొచ్చాయి. నాకు ఇప్పటికి ఏ బాధా లేదు. రేపు చూడాలి.

మల్లేష్


సదాశివపేట,
ఫిబ్రవరి 9.

మల్లేష్‌కు,

ఇక్కడ ఎండ అప్పుడే మొదలైంది. బావమరిది ఫుర్ఖాన్ కొట్టు వెనక రేకుల షెడ్డు ఇచ్చాడు. సామానంతా అందులో సర్దాను. ఈ వారం ఒక పసిబిడ్డ అఖీఖా విందు, ఒక చావు.

చెప్పకుండా వచ్చేశానని నువ్వు అనుకోవచ్చు. ఆ ఊళ్లో మనం ఒకరికొకరం ఎదురుపడితే రెండు మాటలకంటే ఎక్కువ రావడం లేదు కాబట్టి, మూడో మాట ఉత్తరంలోనే రాస్తున్నాను.

కంపెనీ పని పోతుందని అనుకున్నదే. ఊరు పోతుందని అనుకోలేదు. నా ఉత్తరం నకలు వాట్సాప్‌లో తిరిగాక, నిజంగా మోసపోయిన ముగ్గురూ ఎప్పటిలాగే పలకరించారు. ముత్యమ్మ మనవరాలి బారసాలకు కుర్చీలు కూడా తీసుకుంది. అన్నీ తెలిసి ఎత్తినవాళ్లే నన్ను చూసి ఉమ్మేశారు. మోసపోయామని ప్రమాణం చేశారు కాబట్టి మోసం చేసినవాడు ఒకడు ఉండాలి. పెంటయ్య అయితే నా కొట్టు ముందే నిలబడి, "దోస్తు దోస్తనుకుంట ఊరిని అమ్ముకున్నవ్ గదరా" అన్నాడు. మా ఇద్దరికీ తెలుసు. అయినా గట్టిగానే అన్నాడు. బాగా అన్నాడు కూడా.

షకీలా మూడు రోజులు చూసి, "ఈడ ఇగ కుర్చీలు మనమే ఏసుకొని మనమే కూసోవాలె, పోదాం నడువు" అంది.

మీటింగు రద్దు చేశారని, మళ్లీ పెడతారని ఫుర్ఖాన్ పేపర్లో చూసి చెప్పాడు. సినిమా ట్రైలర్ కూడా వచ్చింది, చూశాను. నీళ్లు తాగుతావా అనే మాట పెంటయ్య దగ్గర తీసేసి హీరోకు పెట్టారు.

యాకూబ్


గుండ్లకుంట,
మార్చి 7.

యాకూబ్‌కు,

ఎండలు ముదిరాయి. వాగు పక్క వరి పొట్టకొచ్చింది. పొద్దున నీళ్లు కట్టి, తొమ్మిదిన్నరకు గ్రౌండుకు వెళ్లాను. కుర్చీలు బొల్లారం నుంచి తెప్పించారు. కొన్నింటికి కాళ్లు సరిగా లేవు.

లింగం నిన్న ఇల్లిల్లూ ఆగి, ఇది అసలు మీటింగే అని మూడుసార్లు చెప్పాడు. అయినా వచ్చిన ప్రతివాడూ కెమెరా చూసి నన్ను అడిగాడు. అసలుదే అని చెప్పాను. నా మాట ఎంతమంది నమ్మారో తెలియదు.

అధికారి కొత్తాయన. కంపెనీ తరఫున ఒక లాయరు వచ్చాడు. పదిహేడు మందినీ ఇక్కడే, అందరి ముందు, కెమెరా ముందు అడగాలని పట్టుబట్టాడు. పెంటయ్యను ముందు లేపారు. "షినిమా అనే అనుకున్న సారూ, చదువు రానోణ్ని, నాకేమెరుక?" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. సినిమాలో ఇంత బాగా చేయలేదు. తర్వాత ముత్యమ్మ, ఆమె చెల్లెలు, యాదన్న, ఇంకొకరు అదే చెప్పారు. ఆరో పేరు దేవమ్మది.

"మీరు ఆ రోజు సినిమా షూటింగు అనుకునే చెయ్యి ఎత్తారా అమ్మా?" అని అధికారి అడిగాడు.

"లేదు సార్. అసలు మీటింగని నాకెరుకనే."

లాయరు లేచాడు. "మరి ఈ కాగితం మీద సంతకం మీదే కదా?"

"నాదే. అబద్ధం రాసిచ్చిన. మా ఆయన రాసియ్యమన్నడు. అంతకుముందు చెయ్యెత్తింది గూడ మా ఆయన కోసమే. ఎత్తితే కేసు పోతది, మనిషి ఇంటికొస్తడన్నరు. గో, ఆ తెల్లంగి సారే మా ఇంటికొచ్చి చెప్పిండు" అని సునీల్‌కుమార్‌ను చూపించింది. "మా ఆయన వచ్చిండు. గా మూలకు కూసున్నడు సూడున్రి. ఇప్పుడు ఇంట్లనే ఉన్నడు కాబట్టి ఇగ నేను ఎవరికోసం ఎత్తేది లేదు. గా ప్లాంటు మాకొద్దు. రాసుకోన్రి."

అధికారి రాసుకున్నాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాత అడగాల్సిన పదకొండు మందిలో ఎవరూ సినిమా అనలేదు. ఒక్కొక్కరు లేచి తెలుసనే చెప్పారు, ఎందుకెత్తారో చెప్పారు. కొడుకు ఉద్యోగమని ఒకరు, అల్లుడి కాంట్రాక్టని ఒకరు. బిర్యానీ అని ఒకరు. చెప్పి, ప్లాంటు వద్దన్నారు. పెంటయ్య మళ్లీ లేచి తన మాట మార్చుకుంటానన్నాడు. ఆయన పెద్దకొడుకు కంపెనీ యూనిఫారంలో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కావాలన్నవాళ్లు పద్నాలుగు మంది. వద్దన్నవాళ్లు నూట ఆరుగురు. అధికారి రెండుసార్లు లెక్కపెట్టించాడు.

నన్ను కూడా పిలిచారు. పదిహేడు కాగితాల్లో చాలావరకు అబద్ధమని తెలిసే ఇచ్చానా అని లాయరు అడిగాడు. తెలిసే ఇచ్చానన్నాను. శివరామకృష్ణ తల పట్టుకున్నాడు. ప్రమాణం చేసి అబద్ధమిచ్చినందుకు నా మీద కేసు పెడతారట. పాత రాజీని కూడా తిరగదోడొచ్చట. ప్లాంటు సంగతి పైవాళ్లు తేలుస్తారట.

నీ పేరు ఒకచోట వచ్చింది. మొదటి మీటింగుకు డప్పు ఎవరు వేయించారని అధికారి అడిగితే, యాకూబ్ వేయించాడు, ఈ ఆటలో నాతో పాటు అతనూ ఒకడు, కానీ తప్పు నాకంటే ముందు ఒప్పుకున్నాడు అని చెప్పాను. అది కూడా రాసుకున్నాడు.

అధికారి ఒకటి పదికి వెళ్లాడు. సునీల్‌కుమార్ ఆయన వెనకే. కంపెనీ లాయరు కాగితాలకు నకళ్లు తీయించుకుని ఒకటిన్నరకు. జనం రెండింటికల్లా. దేవమ్మ పన్నెండు గంటలకే ఇంటికి వెళ్లిపోయింది. నేనింకా గ్రౌండులోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

మల్లేష్